మా ఇంటికి ఆయుష్షు కట్టిన వైనం

కూర్చోండి, కూర్చోండి. ఆ మూల కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది... ఉండండి, ఉండండి. ఊగదు. మంచి కుర్చీ. టేకుది. చూశారా, మళ్లీ నోరు జారాను! ఈ నోటితోనే కదండీ ఇల్లంతా గోదాట్లో కలిపేయబోయాను. నిన్నటికి ఏదో ఒక కొలిక్కి వచ్చింది గానీ, వచ్చిన తీరు చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. నాకైతే నవ్వే ఓపిక కూడా లేదు.

మా సంగతి మీకు తెలుసు కదా. ఆయన లెక్కల మాస్టారు, నేను సోషల్ టీచర్ని. ఇద్దరివీ ప్రైవేటు స్కూలు ఉద్యోగాలే. పెన్షన్ అన్న మాట పేపర్లో చదవడమే. రిటైరైన రోజున ఆయనకి శాలువా కప్పారు, నాకు గోడ గడియారం ఇచ్చారు. రాజమండ్రి ఎండలకి శాలువా ఏం చేసుకుంటామండీ? గడియారం ఆగిపోయింది. మిగిలింది ఇల్లు. కొన్నాళ్లు ట్యూషన్లతో నడిచింది. ఇప్పుడు పిల్లలందరూ ఏసీ గదుల్లో కోచింగులకి పోతున్నారు, మా వరండాకి ఎవరొస్తారు? ఇల్లు నిండుగా ఉంది, చేతిలో మాత్రం ఏమీ ఆడట్లేదు. మందుల షాపు దగ్గర చీటీ చూపించి, ఈసారికి సగం ఇవ్వండి చాలు అనే స్థితికొచ్చాం.

మా అమ్మాయి సువార్త సామర్లకోటలోనే ఉంటుంది. అల్లుడిది రైల్వే. "మా దగ్గరికి వచ్చేయండమ్మా" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. వాళ్ల క్వార్టర్స్ చూశారుగా మీరు, మేం వెళ్తే పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుమ్మంలో కూర్చోవాలి. మా మరిదేమో, ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటు కొనుక్కోండి వదినా, మిగిలింది బ్యాంకులో వేసుకోండి అంటాడు. నేను ఫ్లాట్లో ఉండలేనండీ. నా వంటింట్లో, నా కిటికీ దగ్గర నిలబడి, మునగచెట్టు చూసుకుంటూ టీ పెట్టుకోవాలి. చచ్చేదాకా నాకు కావలసింది అంతే. అదేమైనా పెద్ద కోరికా?

అలా ఉండగా ఓ ఆదివారం చర్చి అయ్యాక మా సంఘపెద్ద ఒకాయన చెప్పారు. "రివర్స్ మార్ట్‌గేజ్ అని ఒకటుందమ్మా, అరవై దాటిన వాళ్లకి. సొంతిల్లు బ్యాంకుకి తనఖా పెడతారు. కానీ మీరు కట్టక్కర్లేదు. వాళ్లే మీకు నెలనెలా ఇస్తారు. ఇంట్లో మీరే ఉంటారు" అని.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన మాత్రం దారి పొడుగునా దిగులు పడుతూనే ఉన్నారు.

"పాపం, వాళ్లకి నష్టం కదే?" అన్నారు.

"ఎవరికి?"

"బ్యాంకుకి."

అదండీ నా సంసారం! మందుల షాపులో సగం చీటీతో సరిపెట్టుకునే మనిషి, బ్యాంకు మీద జాలి పడుతున్నారు! అమ్మేవాడికి వద్దని చెప్పలేరు, ఇచ్చేవాడికి కావాలని చెప్పలేరు. ఈ మర్యాదతో నేను ఇన్నేళ్లూ వేగాను. ఆ మర్యాద నాక్కూడా అంటుకుందని మాత్రం మొన్నటిదాకా నాకు తెలీదు.

సరే, ఇలాంటివాటికి బాగా తెలిసినవాళ్లెవరైనా కావాలి కదా అని విచారించాం. ఎవరో నంబరిస్తే ఒక కన్సల్టెంటు ఇంటికే వచ్చాడు. మండుటెండలో మెడకి టై! ఇంకా కూర్చోనైనా కూర్చోలేదు, "మీరిద్దరూ మా అమ్మానాన్నల్లాంటి వాళ్లండీ" అనేశాడు. కూర్చున్నాక ఇంక ఆపలేదు. జీవితాంతం హాయేనట, మాకు ఏ బాధ్యతా ఉండదట, చీకూ చింతా లేకుండా కాలు మీద కాలేసుకుని బతకొచ్చట.

"మేం పోయాక ఇల్లేమవుతుంది బాబూ?" అన్నాను.

"శుభమా అని మాట్లాడుకుంటుంటే ఆ మాటలెందుకమ్మా! నిండు నూరేళ్లూ ఉంటారు మీరు."

"మరి వడ్డీ ఎలా పడుతుంది?"

"అవన్నీ నేను చూసుకుంటాను కదమ్మా. మీరు ఒరిజినల్ దస్తావేజులు ఇచ్చి, సర్వీస్ చార్జీ కింద కాస్త అడ్వాన్సు ఇస్తే చాలు. రేపే ఫైలు కదులుతుంది."

మా ఆయన వెంటనే, "ఆయ్, దానిదేముందండీ, ఇస్తాం" అని లేచారు! నేను కళ్లెర్రజేశాను. చూస్తేగా!

"బీరువా తాళాలు మా అమ్మాయి పొరపాటున సామర్లకోట పట్టుకెళ్లిపోయిందండీ" అన్నాను. తాళాలు నా నడుముకే ఉన్నాయి, పైట కింద.

"అయ్యో, ఎంత పనైందమ్మా! నేను ఇప్పుడే తాళాలు తీసేవాణ్ని పిలుచుకొస్తాను" అని లేచాడు ఆ అబ్బాయి.

నా చెయ్యి నడుముకున్న తాళాల మీదికి పోయింది. అప్పుడు మా ఆయన అలవాటు కొద్దీ, "అబ్బే, మీకెందుకండీ శ్రమ! కూర్చోండి, కూర్చోండి" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మర్యాద మాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారేనండీ. మజ్జిగ తాగించి పంపించాం. మళ్లీ అతను ఫోన్ చేస్తే మేం ఎత్తలేదు.

అప్పుడు మా అమ్మాయి, "ఇలా ఇంటికొచ్చేవాళ్లు వద్దమ్మా, తిన్నగా బ్యాంకుకే వెళ్లి, ఇదే చూసే ఆఫీసర్ ఎవరో కనుక్కుని మాట్లాడండి" అంది. వెళ్లాం. అక్కడ శైలజ గారని ఒక మేడమ్ ఉన్నారు. అనంతపురం అమ్మాయి. కొత్తగా బదిలీ మీద వచ్చిందట. మాట కొట్టినట్టుగా ఉంటుంది గానీ మనసులో కల్మషం లేదు.

కూర్చోగానే, "టీ తాగుతారా?" అని అడిగింది.

"అబ్బే, ఇప్పుడే తాగొచ్చామండీ" అన్నాం ఇద్దరం.

నిజానికి తాగలేదు. రెండు బస్సులు మారి ఎండలో వచ్చాం, నాలుక పిడచగట్టుకుపోతోంది. కానీ మనవైపు సంగతి మీకు చెప్పాలా? ఒకసారి అడిగితే వద్దంటాం. రెండోసారి అడిగితే అబ్బే అంటాం. మూడోసారి అడిగితే, మీరింతగా అంటున్నారు కాబట్టి అని చెయ్యి చాపుతాం. అడిగేవాళ్లకీ తెలుసు, వద్దనేవాళ్లకీ తెలుసు. ఆ మేడమేమో, "సరే అయితే" అని తనొక్కర్తే తెప్పించుకుని తాగేసింది! మా ఎదురుగా! అల్లం టీ!

"రెండోసారి అడగలేదే?" అన్నారు మా ఆయన నా చెవిలో, మోసం జరిగిపోయినట్టు.

కానీ చెప్పడం మాత్రం ఎంత బాగా చెప్పిందండీ! మంచీ చెడూ రెండూ చెప్పింది. "అమ్మా, ఇది అప్పే. దానం కాదు. మీరు నెలనెలా తీసుకునే కొద్దీ వడ్డీతో పెరుగుతా పోతుంది. మీరిద్దరూ ఉన్నన్నాళ్లు మిమ్మల్ని ఇంట్లోనుంచి లేపరు. ఒకరు పోయినా రెండో వాళ్లు ఉండొచ్చు. ఇంటి పన్ను, ఇన్సూరెన్సు, రిపేర్లు మాత్రం మీవే. మీ తర్వాత మీ పాప ఆ అప్పు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. లేదంటే బ్యాంకు అమ్మి, తనకు రావాల్సింది తీసుకుని, మిగిలింది ఆ పాపకే ఇస్తుంది. కాబట్టి ఇప్పుడే సంతకాలు వద్దు. ఇంటికి పోయి మీ పాపతో కూడా మాట్లాడి, ఆలోచన చేసి రాండి" అంది.

నేనప్పుడే అనుకున్నాను, ఈవిడే మనకి కావలసిన మనిషి అని. మేం పోయాక ఏమవుతుందో అడిగితే టై అబ్బాయి నూరేళ్లన్నాడు. ఈవిడ అడక్కుండానే చెప్పింది. పైగా ఇంటికెళ్లి ఆలోచించుకోమంది. టీ విషయం క్షమించేశాను.

"ఒక్క సంగతి" అంది శైలజ గారు మేం లేస్తుంటే. "ఇల్లు ఇంకా కనీసం ఇరవై ఏళ్లన్నా నిలబడేదిగా ఉండాల. మా వాల్యుయర్, అంటే ఇంటికి విలువ కట్టే ఆయన, వచ్చి చూస్తాడు. ఆయన ఇచ్చే రిపోర్టు మీదనే అంతా ఆధారపడి ఉంటుంది."

మా సువార్త ఒప్పుకుంది. "నాకు ఇల్లు కాదమ్మా, మీరు బాగుంటే చాలు. ఉంటే విడిపించుకుంటాను, లేకపోతే లేదు" అంది. ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను. మళ్లీ అదే చేసింది ఫోన్. "అమ్మా, ఆ వాల్యుయర్ వచ్చే రోజు నాన్నని ఇంట్లో ఉంచకు. ఎవరైనా ఇల్లు బాగుందంటే చాలు, ఏదో పాత కొంపండీ అని మొదలెడతారు!"

నిజమే కదండీ! గృహప్రవేశం రోజునే, సున్నం వాసన కూడా పోని ఇంట్లో నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఏదో గుడిసె వేసుకున్నామండీ అని చెప్పిన మనిషి. అందుకని ఆ రోజు పొద్దున్నే ఆయన చేతికి సంచి ఇచ్చి, ఇంటి ముందు పెట్టడానికి పూలమొక్కలు తెమ్మని కడియం తోలేశాను. గుమ్మం ముందు నాలుగు పచ్చగా కనిపిస్తే ఇంటికి కళ వస్తుందని కూడా ఆశ. "నువ్వు జాగ్రత్తగా మాట్లాడు" అని నాకు చెప్పి వెళ్లారు ఆయన! నాకు! నేను నవ్వాను.

వాల్యుయర్ గారు వచ్చారు. నెమ్మదస్తుడు, మన కాకినాడ వైపు మనిషే. టేపు పెట్టి కొలుచుకున్నారు, గోడల మీద వేలితో తట్టి చూశారు. నేను నోరు విప్పలేదు. దేవుడి సాక్షిగా విప్పలేదండీ! పెసరట్టు ఉప్మా పెట్టి, కాఫీ కలిపి తెచ్చాను. ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "బ్రహ్మాండంగా ఉందండీ" అన్నారు.

"ఏం బ్రహ్మాండమండీ, అల్లం ఎక్కువైంది, అట్టు సరిగా కాలనే లేదు" అన్నాను.

అక్కడ తాళం ఊడిందండీ! ఇంక అది ఆగలేదు.

"ఇల్లు భలే చల్లగా ఉందండీ" అన్నారాయన.

"చల్లదనమా! తేమండీ బాబూ. వానాకాలం వస్తే గోడకి వీపు ఆనించలేం."

"ఎర్రగచ్చు ఇప్పుడెవరు చేయిస్తున్నారండీ, అద్దంలా ఉంది."

"పైపైన మెరుపేనండీ. ఆ చాప తియ్యండి, కింద బీటలు కనిపిస్తాయి."

చెబుతున్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం! లోపల ఒక మనిషి ఆపవే, ఆపవే అని అరుస్తోంది. బయట మనిషి ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్లి, వంటింటి సన్‌షేడ్ దగ్గర పెచ్చులూడిన చోటు చూపించింది. ఆ చోటు ఆయన చూడనే లేదండీ! నేనే చూపించాను! చీపురు కర్రతో!

చివర్లో పాపం ఆయనే ధైర్యం చెప్పబోయారు. "ఇవన్నీ చిన్న చిన్న రిపేర్లేనండీ. ఇంకో ముప్ఫై ఏళ్లు ఈ ఇంటికేం కాదు" అన్నారు.

ముప్ఫై ఏళ్లు! ఇరవై కావాలంటే ముప్ఫై ఇస్తానంటున్నాడు దేవుడిలాంటి మనిషి. అవునండీ అంటే సరిపోయేది. తల ఊపినా సరిపోయేది.

"ముప్ఫై ఏళ్లే! మీ నోటి చలవండీ. మాకంటే ముందు ఇదే పోయేలా ఉంది!" అన్నాను. అని పకపకా నవ్వాను కూడా.

ఆయన నవ్వలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, ఏదో రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. పెసరట్లు మాత్రం ఇంకోటి ఇంకోటి వేయించుకుని మరీ తిన్నారు. పెసరట్టు బాలేదంటే నమ్మని మనిషి, ఇల్లు బాలేదంటే ఎలా నమ్మాడండీ!

ఆయన అటు వెళ్లాడో లేదో, ఇటు మా ఆయన ఆటోలో దిగారు. ఆటో నిండా మొక్కలే! నాలుగు కుండీలు తెమ్మంటే, నర్సరీ ఆయన ఇది కూడా తీసుకోండి మాస్టారూ అన్న ప్రతిదీ ఎక్కించుకొచ్చారు. అందులో ఒక కొబ్బరి మొక్క. అది కాయడం ఎప్పటికో!

"ఎలా అయింది?" అన్నారు మట్టి చేతులు దులుపుకుంటూ.

"బాగానే అయింది. నేనేం మాట్లాడలేదు" అన్నాను.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. వంటింట్లో నిలబడి ఆ పెచ్చులూడిన చోటునే చూస్తూ ఉండేదాన్ని. బ్యాంకు వాళ్లు కాదంటే ఇంక అమ్మడమే. ఫ్లాట్లో మూడో అంతస్తులో, లిఫ్టు పని చెయ్యని రోజున, ఈ మోకాళ్లతో! అదంతా నా నోటి మూలాన! ఎవరితో చెప్పుకోను? ఆయనతో చెబితే ఓదారుస్తారు, ఇంకా కోపం వస్తుంది.

ఫోన్ వచ్చింది. ఇద్దరినీ రమ్మంది శైలజ గారు. వెళ్లాం. ఈసారి టీ కూడా అడగలేదు.

"ఏమ్మా, ఇల్లు మీకంటే ముందే పోతుందని మీరే చెప్తిరంట కదా?" అంది.

మా ఆయన నా వైపు తిరిగారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"అది మాటవరసకి అన్నానండీ. మర్యాదకి అంటాం కదా. ఆ వాల్యుయర్ గారిది కూడా ఈ వైపేనండీ, ఆయనకి తెలుసు!"

"తెలుసంట. మర్యాదకే చెప్పినారని ఆయనా అంటున్నాడు. కానీ ఓనరే నిలబడి, కర్ర పెట్టి చూపించి, ఇల్లు ఉండదని చెప్పినాక రాయకపోతే, రేపేమన్నా జరిగితే ఆయన తలకు చుట్టుకుంటుంది కదమ్మా? ఇట్లాంటి ఇంటికి పెద్ద ఆఫీసు ఒప్పుకోదు."

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. బ్యాంకులో, టోకెన్లు పట్టుకుని కూర్చున్న జనం మధ్యలో! "అబద్ధం మేడమ్, అన్నీ అబద్ధాలే చెప్పాను. మా ఇల్లు ఉక్కండీ! ఆ గోడలు లేస్తున్నప్పుడు ఈయన తెల్లారకుండా లేచి, వీధి చివర నుంచి బిందెలతో నీళ్లు మోసి తడిపేవారు. తడి చొక్కాతోనే స్కూలుకెళ్లి పాఠం చెప్పేవారు. పెద్ద తుఫాను వస్తే మా వీధి వీధంతా మా డాబాలోనే తలదాచుకుంది. ఒక్క చుక్క కారలేదు. తేమా లేదు, గీమా లేదు. ఆ బీట చాప కింద లేదండీ, నా నోట్లో ఉంది!" అన్నాను.

కౌంటర్లో అమ్మాయిలు కూడా పని ఆపి చూస్తున్నారు. మా ఆయన మెల్లగా కండువా ఇచ్చారు ముక్కు తుడుచుకోమని.

"మన ఇల్లు బాగుందని నువ్వనగా వినడం ఇదే మొదటిసారే" అన్నారు.

"మీ ఎదురుగా అంటే ఇంకో గది కట్టేస్తారని భయం" అన్నాను.

శైలజ గారికి నవ్వొచ్చింది. ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి చూడటం. ఇంకో ఇంజినీరు చేత రెండోసారి చూపించడానికి వీలుందట, పైవాళ్లకి రాస్తానంది. "ఆ రోజు నేనూ వస్తాను. మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడకూడదు. ఇంటి గురించి అసలే వద్దు" అని వేలు చూపించి మరీ చెప్పింది. క్లాసులో నేను పిల్లలకి అలాగే వేలు చూపించేదాన్ని.

ఈసారి నేను నా మీద నమ్మకం పెట్టుకోలేదండీ. వాళ్ల జీపు ఆగిన చప్పుడు వినగానే ఒక తాపేశ్వరం కాజా తీసి ఆయన నోట్లో పెట్టాను, ఒకటి నా నోట్లో పెట్టుకున్నాను. పెద్ద సైజువి. వరండాలో పక్కపక్కన కూర్చున్నాం, బుగ్గలు ఉబ్బించుకుని. ఇంజినీరు గారు లోపలికొస్తూ, "అబ్బ, ఎంత గట్టి కట్టడమండీ!" అన్నారు. మా ఆయనకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయారు, పాకం గడ్డం మీదికి కారింది. నేను మోచేత్తో పొడిచాను.

"ఇల్లు కట్టి ఎన్నేళ్లయిందండీ?" అంటే వేళ్లు చూపించాం. "బోరుందా?" అంటే తల ఊపాం.

ఇంజినీరు గారు లోపలికెళ్తూ, "పాపం, పెద్దవాళ్లిద్దరికీ మాట రాదా మేడమ్?" అని గొంతు తగ్గించి అడిగారు.

"ఇట్లా ఉంటేనే అందరికీ మంచిదండీ" అంది శైలజ గారు.

పాసైందండీ! ఇల్లు పాసైంది! ఇంకా ఎన్నో ఏళ్లు నిక్షేపంగా ఉంటుందని ఇంజినీరు గారు రాసిచ్చారట. సన్‌షేడ్ పెచ్చు ఒక్కటి బాగు చేయించుకోమన్నారు. ఆ రాత్రి ఎన్నాళ్లకో కడుపునిండా తిని పడుకున్నాం.

ఇక నిన్నటి ముచ్చట. సంతకాలకి రమ్మన్నారు. కొత్తగా ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లాం. శైలజ గారు కంప్యూటర్లో చూసి, నెలకి ఇంత వస్తుందని చెప్పింది. మందులకీ ఇంటి ఖర్చుకీ సరిపోతుంది, కాస్త ఇరుకుగా. నేను మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను.

అప్పుడు ఆవిడ, "మీ వయసుకీ, మీ ఇంటి విలువకీ ఇంకా కొంచెం ఎక్కువ కూడా ఇవ్వొచ్చు. పెంచమంటారా?" అంది.

"అబ్బే! చాలండీ, చాలండీ!" అన్నాం.

ఇద్దరం! ఒకేసారి! విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినట్టు బల్ల మీద చేతులు కూడా అడ్డం పెట్టాం!

"సరే అయితే" అంది ఆవిడ. టక్కున నొక్కేసింది.

మేం చూస్తున్నాం. రెండోసారి అడుగుతుందని చూస్తున్నాం. కాగితాలొచ్చాయి. సంతకాలు పెట్టించింది. ఇంకా చూస్తూనే ఉన్నాం. స్టాంపులు కూడా పడ్డాయి.

"టీ తాగుతారా?" అంది చివరికి.

"తాగుతామండీ!" అని ఇద్దరం అరిచాం. పక్క టేబులాయన ఉలిక్కిపడ్డాడు.

టీ తాగుతూ నేనే సిగ్గు విడిచి అడిగాను. "మేడమ్, ఇందాక కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చన్నారు కదా..."

"వద్దంటిరి కదమ్మా?"

"అన్నామనుకోండి..."

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. పాపం, అర్థమైనట్టే ఉంది. "కావాలంటే చెప్పండి. ఇదంతా రద్దు చేసి మొదట్నుంచి మళ్లీ చేసి పంపిస్తాను. ఏం పర్లేదు" అంది.

రెండోసారి అడిగిందండీ! నేను నోరు తెరిచేలోపు మా ఆయన టీ కప్పు కింద పెట్టి, "అబ్బే, మీకెందుకండీ శ్రమ!" అనేశారు.

నేను ఆయన్నేమీ అనలేదు. అనడానికి నాకు నోరుందా? పైగా నిజం చెప్పాలంటే, నా నాలుక చివరికి కూడా ఆ మాటే వచ్చింది. ఆయన ఒక్క క్షణం ముందు అన్నారు, అంతే.

"సరే అయితే" అంది శైలజ గారు. మాకు బాగా అలవాటైన మాట. "ఇల్లు మీదే, ఎవ్వరూ కదిలించరు. ఉన్నంతకాలం హాయిగా ఉండండి. ఐదేళ్లకోసారి ఇంటి విలువ మళ్లీ కడతారు. అప్పుడు పెంచాలా వద్దా అని మళ్లా అడుగుతాం" అంది.

బస్సెక్కి కూలబడ్డాం. అలసిపోయాం. కానీ గుండెల మీద కుంపటి దిగిపోయినట్టు ఉంది. రెండో బస్సెక్కాక ఆయనే అన్నారు, "మూడోసారి అడిగితే మాత్రం తీసుకుందామే" అని.

పొద్దున్నే లేచి నా వంటింట్లో, నా కిటికీ దగ్గర నిలబడి టీ పెట్టుకున్నాను. మునగచెట్టు పూత మీదుంది. పెరట్లో ఆయన ఆ కొబ్బరి మొక్కకి నీళ్లు పోస్తున్నారు. మీరూ తాగండి, ఇంకాస్త పొయ్యనా? అదేంటి, వద్దంటారా? మళ్లీ అడగనండీ, ఇప్పుడే చెబుతున్నాను!

మూడోసారి అడిగేది ఐదేళ్ల తర్వాత. ఇల్లు అప్పటికి చెక్కుచెదరకుండా ఉంటుందని ఇంజినీరు గారు సంతకం పెట్టి మరీ ఇచ్చారు. మా ఇద్దరి గురించే ఇంకా ఎవరూ రాసివ్వలేదు.